బరోక్ యుగపు వాస్తుచిత్రములు: ప్రశస్తియా? ప్రమాణమా?

శాసనపరిశోధనము చేయువారికి ప్రశస్తి యను మాట సుపరిచితము. తామ్రశాసనమునందు దానము చేసిన గ్రామము పేరును, దాని పొలిమేరలును, ప్రతిగ్రహీత గోత్రమును వచ్చుటకు ముందు, దాత వంశమును, విజయములను, గుణములను పొగడు దీర్ఘభాగ మొకటి యుండును. పొలిమేరలు చెప్పు భాగమును చరిత్రకారుడు ప్రమాణముగా గ్రహించును. ప్రశస్తిని మాత్రము వడియగట్టి గ్రహించును. ఐరోపాఖండమున 17వ శతాబ్దమునందును, 18వ శతాబ్దపు పూర్వార్ధమునందును రాగిరేకులపై చెక్కి కాగితముపై నచ్చొత్తిన వాస్తుచిత్రములను చదువుటకును ఈ వివేకమే కావలయును. అయితే యొక చిక్కు గలదు. శాసనమున ప్రశస్తి వేఱు, పొలిమేర వేఱు. ఈ చిత్రములలో రెండును ఒక్క గీతలోనే కలిసియుండును. ఏది యెంతవఱకు నమ్మదగినదో తేల్చుకొనక వానిని మెచ్చుటయు, చరిత్రసాధనములుగా వాడుటయు రెండును ప్రమాదకరములే.

బరోక్ అనునది 1600 ప్రాంతమున ఇటలీలో తలయెత్తి, సుమారు నూటయేబది యేండ్లు ఐరోపా నంతను ఏలిన శిల్పశైలికి తరువాతివారు పెట్టిన పేరు. మొదట నది నిందాపదము. పిమ్మట నిందపోయి పేరు మిగిలినది. వంపు తిరిగిన గోడలు, బారులుదీరిన మహాస్తంభములు, ఒక్క కేంద్రమునుండి నలుదెసలకు సాగిపోవు వీథులు, వచ్చినవానిని అల్పునిగా తోపించు విస్తృతి - ఇవి దాని లక్షణములు. ఇట్టి సౌధమును కట్టించుట మహాధనవ్యయసాధ్యము. అంత వ్యయపఱచి కట్టించినను సౌధము కదలదు. దానిని చూడగోరువాడు అచ్చటికి వచ్చి చూడవలసినదే. రాగిరేకుపైకి నెక్కిన సౌధ మన్ననో రాయబారి పెట్టెలో కూర్చుండి పరదేశపు రాజసభకు పోగలదు. కావుననే బరోక్ ప్రభువులు శిల్పికి తోడుగా రేకుచెక్కువానిని గూడ పోషించిరి.

ఆ పని జరుగు విధము కొంత తెలిసినగాని దాని రాజకీయము తెలియదు. ఉక్కుమొన గల పనిముట్టుతో రేకుపై నేరుగా గీతలు చెక్కుట యొక పద్ధతి. రేకునకు మైనము పూసి, సూదితో నా పూతపై గీచి, ఆమ్లములో నుంచి, గీచినచోట మాత్రమే రాగి తినివేయబడునట్లు చేయుట రెండవ పద్ధతి. రెండింటను గీతలలో సిరా నింపి, పైభాగమును తుడిచి, తడికాగితము పఱచి, రోలర్ల నడుమ నొత్తుదురు. రాగి మెత్తని లోహము, ప్రతులు తీయుకొలది గీతలు అఱుగును, మరల చెక్కించవలసివచ్చును. పెద్ద వాస్తుచిత్రముల సంపుటమును వెలువరింపవలెనన్న రాజకోశమో, వర్తకుని పెట్టుబడియో, చందాదారుల సమూహమో వెనుక నుండక తప్పదు. డబ్బు పెట్టినవా డెవడో తెలిసినచో, చిత్రము దేనిని పెంచి చూపుచున్నదో సగము తెలిసినట్లే.

మొదట రోమునగరమును చూడవలయును. ఏడవ అలెగ్జాండరు అను బిరుదుతో 1655 మొదలు 1667 వఱకు పోపుపదవి నధిష్ఠించిన కీజీవంశీయుడు నగరమున ముంగిళ్లను, వీథులను, దేవాలయముఖములను తీర్చిదిద్దించెను. ద రోస్సి యను ముద్రాపకుడు 1665లో ప్రకటింప నారంభించిన సంపుటములలో, జియోవన్నీ బాటిస్టా ఫాల్దా (1643-1678) యను యువకుడు ఆ కట్టడములను రేకుల కెక్కించెను. ఆ గ్రంథనామమునకు ‘నవీన రోము కట్టడముల క్రొత్త రంగస్థలము’ అని యర్థము. ఆ పేరులోనే పోపుగారి శుభపరిపాలనము గూడ కీర్తింపబడినది. నగరము రంగస్థలమైనచో నందలి సూత్రధారు డెవ్వడో చెప్పనక్కఱలేదు.

ఫాల్దా చిత్రములలో మనుష్యులు చిన్నవారు. ముంగిళ్లు మిక్కిలి విశాలములు. శాంతిమాత దేవాలయమునకు పియెత్రో ద కోర్తోనా 1656-57లో నిర్మించిన ముఖమండపము ఎదుట నున్న తావు వాస్తవమున నెంతో యిఱుకైనది. చిత్రమునందు చూపరి కీయబడిన దూరదృష్టి అచ్చట నిలుచువానికి దొరకదు. సెయింటు పీటరు దేవాలయము ముంగిలి విషయ మింతకన్న విచిత్రము. దాని చుట్టును స్తంభశ్రేణులను బెర్నీనీ 1656 మొదలుకొని రచించెను. రెండు చేతులవలె వంగిన రెండు శ్రేణులకు నడుమ, ఎదుటివైపున మూడవదియు నుండవలెనని యాతని యూహ. ఫాల్దా ఆ మూడవ శ్రేణిని గూడ కట్టినట్లే చిత్రించెను. 1667లో పోపు మరణించెను. ఆ శ్రేణి యెన్నడును కట్టబడలేదు. దూరదేశమున కూర్చుండి చిత్రమును మాత్రమే చూచినవానికి మాత్రము ఆ ముంగిలి మూసియున్న ముంగిలియే. ఇందుచేత ఫాల్దాను అసత్యవాది యని త్రోసిపుచ్చరాదు. స్తంభముల తీరు, కిటికీల వరుస, అంతస్తుల క్రమము మొదలగువానిని చూపుటలో నాతడు నమ్మదగినవాడు. అవకాశమును చూపుటలో స్తోత్రపాఠకుడు. గోడ ప్రమాణము, ముంగిలి ప్రశస్తి - ఇదియే యాతని చిత్రములను చదువుటకు తాళపుచెవి.

రోమున వర్తకుడు చేసిన పనిని ఫ్రాన్సున రాజ్యమే చేపట్టినది. పదునాలుగవ లూయీ 1660లో నొక శాసనముచేత రేకుచెక్కు విద్యను శ్రేణిబంధములకు లోబడని స్వతంత్రకళగా ప్రకటించెను. తన కీర్తిని చెక్కువాడు సామాన్యపు పనివాడుగా నుండుట రాజునకు తగదు గదా! తరువాత మంత్రి కోల్బేరు పూనికతో రాజప్రాసాదములు, ఉత్సవములు, యుద్ధములు, చిత్రవస్త్రములు మొదలగువాని నన్నింటిని చిత్రించిన మహాసంపుటములు బయలుదేఱెను. వీనికి ‘కాబినే దు రువా’, అనగా రాజుగారి సంగ్రహము, అని పేరు. అవి మొదట రాయబారులకును, పరరాజులకును కానుకలుగా నీయబడినవి. 1679 మొదలు అమ్మకమునకును వచ్చినవి.

ఈ సంగ్రహమున గమనింపదగినది, నిలిచియున్న సౌధములకంటె నిలువనివానికి జరిగిన గౌరవము. 1668వ సంవత్సరము జూలైలో వెర్సాయిలో నొక్క రాత్రి జరిగిన యుత్సవమునకై కొయ్యతోను, ఆకులతోను, వస్త్రములతోను మండపములు నిర్మించిరి. పని తీఱగానే వానిని విప్పివేసిరి. ల పోత్ర్ చెక్కిన చిత్రములలో నవి చలువరాతి మందిరములవలె నేటికిని నిలిచియున్నవి. పారిస్ నగరపు తూర్పుదెస 1670లో నారంభింపబడిన విజయతోరణము కథయు నిట్టిదే. రాతికట్టడము పునాదులను దాటి పైకి పోలేదు. మీదిభాగమును గచ్చుతో నమూనాగా నిలిపిరి. 1716లో నంతయు కూల్చివేసిరి. లక్లేర్ చెక్కిన చిత్రమునం దది సంపూర్ణము. లూవ్ర్ ప్రాసాదమునకు ముఖమును రచించుటకై 1665లో రోమునుండి పిలిపింపబడిన బెర్నీనీ పథకమును, శంకుస్థాపన జరిగిన పిమ్మటనే, విడిచిపెట్టిరి. ఐనను జాన్ మారో చెక్కిన రేకులచేత నాతడు కట్టని ప్రాసాదము కాగితముపై లూయీ కీర్తిలో చేరినది. ఒక్క రాత్రి నిలిచినదియు, సగము లేచినదియు, అసలే లేవనిదియు కాగితముపై సమానమయ్యెను.

ఈ ప్రశస్తిరాశి నడుమ లక్లేర్ 1677లో చెక్కిన మఱియొక చిత్రము ప్రత్యేకముగా నిలుచును. లూవ్ర్ తూర్పుముఖమున ముఖ్యద్వారముపై త్రికోణశిఖరమును కప్పుటకు 50 అడుగులకు మించిన పొడవుగల రెండు ఏకశిలలను 1674లో పైకెత్తిరి. ఆ చిత్రమున రాజు లేడు. మ్రానులతో కట్టిన మహాయంత్రము, బిగిసిన మోకులు, ఇరుసులను త్రిప్పుచున్న కూలీలు మాత్రమే యున్నారు. ఇదియు రాజుగారి యాజ్ఞాబలమును చాటుటకే చేయబడినది. ఐనను, ఆ బలము ఎవరి భుజములమీద నిలిచినదో గూడ చెప్పక చెప్పుచున్నది. తక్కిన చిత్రములలో మనుష్యుడు సౌధపు కొలతకై నిలిపిన చుక్క. ఇందులో నాతడు పని చేయుచున్న ప్రాణి. ప్రశస్తియే తన వ్యయమును తాను బయటపెట్టిన యీ చిత్రమును కళాదృష్టితోడను, చరిత్రదృష్టితోడను అగ్రగణ్యముగా నెంచుట యుక్తము.

ఫ్రాన్సును చూచి యితరులు నేర్చిరి. 1648లో వెస్ట్‌ఫేలియా సంధిచేత బాల్టిక్ సముద్రపు దక్షిణతీరమున క్రొత్తభూములను గడించిన స్వీడను దేశమునకు బలమున్నది గాని పేరు లేదు. దక్షిణదేశీయుల దృష్టిలో నది మంచుతో కూడిన యనాగరికభూమి. ఆ యపఖ్యాతిని తుడుచుటకై దుర్గనిర్మాణనిపుణుడైన ఎరిక్ డాల్‌బెర్గ్ (1625-1703) ‘ప్రాచీనాధునాతన స్వీడను’ అను నర్థము గల పేరుతో నొక మహాచిత్రసంపుటమును తలపెట్టి 1661లో రాజానుమతిని పొందెను. సామాన్యకుటుంబమున పుట్టిన యాతడు శౌర్యముచేతను, విద్యచేతను ప్రభుశ్రేణికి నెక్కినవాడు. పెరిగిన దేశమునకు పెరిగిన మనుష్యుడే చిత్రకారు డయ్యెను. తాను గీచిన చిత్రములను పారిస్ నగరమునకు గొనిపోయి యచ్చటి నిపుణులచేత చెక్కించెను. మొత్తము 353 రేకులు. కట్టబోవు కట్టడములు కట్టినవానివలెను, ఉన్నవి మఱింత యున్నతములుగను చూపబడినవి.

అయితే రేకుల పని సాగుచుండగా దేశము నిలిచియుండలేదు. ఈ సంపుటమున కనిపించు మహాసౌధములలో పెక్కింటికి ప్రభువైన చాన్సలరు మాగ్నస్ గాబ్రియేల్ ద లా గార్డీ, 1680లో రాజు ప్రభువుల భూములను తిరిగి లాగికొనినప్పుడు, తన యాస్తిలో నధికభాగమును కోల్పోయెను. సంపుటమున తలమానికమువలె నున్న ‘మూడు కిరీటముల’ రాజదుర్గము 1697లో కాలిపోయెను. 1709లో పోల్టావా యుద్ధమున స్వీడను సేన రష్యనులచేత నోడెను. చిత్రములకు తోడుగా నుండవలసిన లాటిను వ్యాఖ్యానము పూర్తికానేలేదు. డాల్‌బెర్గ్ చనిపోయిన పదేండ్లకు మీఱిన పిమ్మట, 1716 ప్రాంతమున, సంపుటము వెలువడునప్పటికి, అది చాటదలచిన మహారాజ్యము అంత్యదశలో నుండెను; 1721 సంధితో బాల్టిక్ తూర్పుతీరమును గోల్పోయెను. శాసనము చెక్కుట పూర్తియగుసరికి దాత రాజ్యము పోయినట్లయినది. నేటి స్వీడను పరిశోధకులకు ఆ రేకులే కాలిన దుర్గమునకు రూపసాక్ష్యములు. కీర్తికై చెక్కినది స్మృతికై మిగిలెను.

వియన్నా నగరమున ప్రశస్తి వంశానుక్రమణికా రూపమును ధరించినది. సామ్రాజ్యశిల్పియైన ఫిషర్ ఫన్ ఎర్లాఖ్ (1656-1723) 1721లో ప్రకటించిన ‘చారిత్రకవాస్తు రచన’ అను గ్రంథము, సొలొమోను దేవాలయముతో నారంభమై, ప్రాచీనాద్భుతములను, రోమక కట్టడములను, తురుష్కచీనా దేశముల నిర్మాణములను దాటి, నాలుగవ భాగమున గ్రంథకర్త సొంత కట్టడములకు వచ్చును. రాజవంశమును చంద్రునినుండి దింపి తెచ్చు ప్రశస్తికారుని మార్గమే యిది. ఆ నాలుగవ భాగమున షోన్‌బ్రున్ ప్రాసాదపు మొదటి పథకము గలదు: కొండనెత్తిన సౌధము, దాని క్రింద మెట్లుమెట్లుగా తోటలు, జలపాతములు. వెర్సాయిని తలదన్నవలెనను కోరిక ప్రతిగీతయందును తెలియుచునే యున్నది. వాస్తవమున 1696లో ఆరంభమైన ప్రాసాదము కొండక్రింది మైదానమున, చిన్నదిగా కట్టబడినది. కోశము భరింపలేనిదానిని కాగితము భరించెను.

అదే నగరమున సవాయ్ యూజీను రాకుమారుని కథ మఱింత రసవంతము. పారిస్ నగరమున 1663లో పుట్టిన యాతడు సైన్యమున నుద్యోగము నర్థింపగా లూయీ నిరాకరించెను. 1683లో నాతడు ఫ్రాన్సును విడిచి సామ్రాట్టు కొలువున చేరి, 1697లో జెంతా యొద్దను, 1717లో బెల్గ్రేడు నొద్దను తురుష్కులను జయించి, వియన్నాలో హిల్డెబ్రాంటుచేత బెల్వెడేర్ ప్రాసాదములను కట్టించుకొనెను. సాలొమోన్ క్లైనర్ (1700-1761) గీయగా 1731 మొదలు ఔగ్స్‌బుర్గ్‌లో వెలువడిన చిత్రమాలికలో నా సౌధములు ‘సాటిలేని వీరుని విజయశిబిరము’గా వర్ణింపబడినవి. తోటలు, గదులు, మృగశాల వఱకు నేదియు విడువబడలేదు. తన్ను వలదన్న రాజు వాడిన యాయుధముతోనే యూజీను బదులు చెప్పినట్లయినది. 1736లో నాతడు అవివాహితుడుగా చనిపోయెను. వారసురాలు వస్తువుల నమ్మివేసెను. 1752లో మరియా తెరీసా సౌధములను కొనెను. చెదరిపోయిన యా యంతఃపురశోభను తెలిసికొనుటకు క్లైనర్ రేకులు నేడు ముఖ్యాధారములు. పొగడుటకై యొక్కొక గదిని లెక్కించి చూపిన శ్రద్ధయే ఇచ్చట ప్రశస్తిని ప్రమాణముగా మార్చినది.

కడపట ఇంగ్లండు ఉదాహరణము. అచ్చట సంపుటములను నిలబెట్టినవారు చందాదారులు. కోలెన్ కాంబెల్ ‘వీట్రూవియస్ బ్రిటానికస్’ అను గ్రంథమును 1715, 1717, 1725 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువరించెను. అందు చందాదారుల పేర్లును అచ్చుపడినవి. కాంబెల్ బరోక్ శైలిని గర్హించి పల్లాదియో మార్గమును బోధించినవాడే. ఐనను రేకుతో ప్రభువును పెద్దచేయు విద్యను బరోక్‌వారినుండియే పుచ్చుకొనెను. లండను సమీపమునందలి వాన్‌స్టెడ్ సౌధమే యిందులకు నిదర్శనము. నౌకాదళమునకు సరకులు సమకూర్చియు, ఈస్టిండియా కంపెనీ వ్యాపారమునందును ధనవంతుడై, ఆ కంపెనీకి గవర్నరుగా గూడ నుండిన జొసయ్య చైల్డు 1673లో నా భూమిని కొనెను. ఆతని కుమారుడు రిచర్డు చైల్డు అచ్చట కాంబెల్‌చేత మహాసౌధమును కట్టించెను. మొదటి సంపుటమున నా సౌధమునకు రెండు రూపములు గలవు. 1725 నాటి మూడవ సంపుటమున, రెండుకొసలను గోపురములతో మూడవ రూపము గలదు. ఆ గోపురములు కట్టబడలేదు. కాగితముపై సౌధము పెరుగుచుండగా యజమాని పదవియు పెరిగెను: 1718లో వైకౌంటు, 1731లో ఎర్లు. వర్తకుని యింటిపేరు ప్రభువు బిరుదములో మఱుగుపడెను.

ఇచ్చట తెలుగుదేశమునకు నొక సంబంధము గలదు. ఆ కంపెనీ 1611లోనే మచిలీపట్నమున వర్తకస్థానమును నెలకొల్పి, ఈ తీరమున నేసిన బట్టలను, అద్దకపు బట్టలను ఓడల కెక్కించినది. చైల్డు ధనములో నీ తీరపు నేతగాని పాలెంతో లెక్కించి చెప్పుట యసాధ్యము. కాని కంపెనీ లాభమునకు మూలమైన సరకులలో నాతని నేతయు నొకటి యనుట నిశ్చయము. వాన్‌స్టెడ్ రేకులలో స్తంభములున్నవి, మెట్లున్నవి. మగ్గము మాత్రము లేదు. లూవ్ర్ శిలను పైకెత్తిన కూలీ లక్లేర్ రేకులో నైనను కనిపించెను. సముద్రమున కావల నున్న పనివానికి ఆ పాటి చోటును దొరకలేదు. వాన్‌స్టెడ్ తుదకు వారసుల యప్పులకు లోనై, 1822లో సామగ్రి వేలము పడి, వెనువెంటనే రాళ్లుగా అమ్ముడైనది. ఇపుడది రేకులలోనే యున్నది. కట్టని గోపురములును రేకులలోనే యున్నవి.

ఈ యుదాహరణములచేత తేలున దొక్కటి. బరోక్ వాస్తుచిత్రము కట్టడమునకు ప్రతిబింబము కాదు, కట్టించినవాని వాంఛకు ప్రతిబింబము. కట్టినది, కట్టదలచినది, కట్టలేనిది అను మూడును అందు భేదము తెలియకుండ కలిసియుండును. పరిశోధకుడు వానిని విడదీయుటకు ముద్రణసంవత్సరమును నిర్మాణసంవత్సరముతోను, గీతలోని దూరమును నేలమీది కొలతతోను, పొగడ్తను పెట్టుబడితోను సరిచూడవలయును. విడదీసిన పిమ్మట కట్టలేనిదానిని పారవేయగూడదు. ప్రభువు దేనిని కోరి పొందలేకపోయెనో చెప్పు సాక్ష్య మదియే గనుక. ఇక మనుష్యులు చుక్కలవలె నున్న రేకులలో నా చుక్కలు గూడ లెక్కింపదగినవి. తామ్రశాసనమున దాత పొగడ్తను దాటి పొలిమేర చెట్టును వెదకు కన్నే, రాజప్రాసాదమును దాటి మోకు పట్టిన చేతిని గూడ వెదకవలయును. అది కనిపించినచోట రేకు ప్రమాణము. కనిపింపనిచోట దాని లేమియే ప్రమాణము.